గిన్నె మీద రాసిన మాట

మా గృహప్రవేశానికి స్నేహితులు నలుగురు కలిసి ఒక పళ్ళేల సెట్టు తెచ్చారు. నాలుగు పళ్ళేలు, టిఫిన్ పెట్టుకునేంత సైజు, మీగడ రంగు పింగాణీ, అంచు చుట్టూ నల్లటి అక్షరాల వరుస, ఆ వరుసకి పైనా కిందా సన్నటి బంగారు గీత. చూడగానే నచ్చేశాయి. అట్టపెట్టె మీద ఒక మ్యూజియం పేరు, లోపల చిన్న కార్డు మీద "మధ్యయుగపు ఇస్లామిక్ కళ స్ఫూర్తితో" అని ఒక్క ముక్క. ఎక్కడి గిన్నె చూసి చేశారో, అది ఏ కాలం నాటిదో, ఆ అక్షరాలు ఏమంటున్నాయో ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున్న వాటిలో ఇడ్లీ పెట్టబోతుంటే మా అత్తయ్యగారు ఆపారు. "అది వాళ్ళ ఖురాన్‌లో మాటేమో అమ్మా. దేవుడి మాట మీద సాంబారు పోసుకుంటామా? ముందు తెలిసినవాళ్ళని ఎవరినైనా అడుగు" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునేవాళ్ళం, ఇంకొకరి పవిత్ర వాక్యమేమో అన్న అనుమానం ఉండగా దాని మీద ఎలా తింటాం? పళ్ళేలు అలమారలోకి వెళ్ళిపోయాయి, చాలా రోజులు అక్కడే ఉన్నాయి.

మా ఆఫీసులో పక్క టీంలో కైరో నుంచి వచ్చినావిడ ఒకరున్నారు. ఒకరోజు పళ్ళెం ఒకటి తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్ళి లంచ్ టైంలో ఆవిడ ముందు పెట్టాను. వెంటనే చదివేస్తారనుకున్నాను. కానీ ఇది కూఫీ అనే అరబిక్ లిపి, చాలా పాతది, కోణాలు కోణాలుగా ఉంటుంది, అక్షరాలకి చుక్కలు కూడా ఉండవు. చుక్కలు లేకపోతే మాట మధ్యలో బ, త, న మూడూ ఒకే చిన్న పన్నులా కనిపిస్తాయట. తలకట్లూ దీర్ఘాలూ తీసేసి తెలుగు చదవమన్నట్టు అనుకోండి. ఆవిడ పళ్ళెం తిప్పుతూ, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తూ పావుగంట కూర్చుని చివరికి ఒక మాట పట్టుకున్నారు. బరకా. అంటే ఆశీస్సు, వృద్ధి, తరగకుండా ఉండటం. హైదరాబాద్ వైపు ఇప్పటికీ "బర్కత్" అంటారే, ఆ మాటే.

తర్వాత దాని పక్కనున్నది చదవబోయి ఆగిపోయారు. కాసేపు చూసి, ఫోన్‌లో ఆ ఫొటోని అద్దంలో కనిపించినట్టు తిప్పారు. అదీ బరకాయే. కాకపోతే తిరగేసి ఉంది. డిజైన్ చేసినవాళ్ళు ఒక మాట తీసుకుని, దానికి ఎదురుగా అదే మాటని కుడిఎడమలు మార్చి పెట్టి, ఆ జంటనే అంచు చుట్టూ వరసగా అతికించారు. రెండు వైపులా సమానంగా కనిపించాలని. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ పళ్ళెం మీద సగం మాటలు ఏ భాషలోనూ లేవు.

మీరు ఏదో విదేశీ మ్యూజియం దుకాణానికి వెళ్ళారనుకోండి. అక్కడ ఒక అందమైన కంచం, అంచున "శుభమస్తు" అని తెలుగులో, దాని పక్కనే "శుభమస్తు" తిరగేసి, మళ్ళీ మామూలుగా, మళ్ళీ తిరగేసి. కార్డు మీద "దక్షిణాది అలంకరణ స్ఫూర్తితో" అని ఉంది. మీకెలా ఉంటుంది? నాకైతే చివుక్కుమంటుంది. ఆ కంచం చేసినవాళ్ళ దృష్టిలో మన అక్షరం అక్షరం కాదు, తీగలూ పూలూ లాంటి ఒక వంపు, అంతే. కైరో ఆవిడ మాత్రం ఏమీ అనలేదు, పళ్ళెం తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చి, "పోనీ, సగమైనా ఆశీర్వాదమే కదా" అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

అప్పటినుంచి ఈ గిన్నెల సంగతి వెతుక్కుంటూ వెళ్ళాను. మేముండేది న్యూజెర్సీలో, రైలెక్కితే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, అందరూ మెట్ అంటారే, అది దూరం కాదు. (పళ్ళేలు అమ్మింది వాళ్ళు కాదు, అది వేరే మ్యూజియం.) అక్కడ ఇస్లామిక్ కళ గ్యాలరీలో ఒక గిన్నె ఉంది, పదో శతాబ్దానిది, ఇరాన్ ఈశాన్యంలోని నిషాపూర్‌లో చేసినది. మెట్ వాళ్ళే 1935 నుంచి 1940 దాకా, మళ్ళీ 1947లో నిషాపూర్‌లో తవ్వకాలు జరిపారు. ఈ గిన్నె మాత్రం ఆ తవ్వకాల్లోది కాదు, 1965లో కొన్నారు. నేను ఫొటోల్లో చూసి చిన్నదనుకున్నాను. దగ్గరికి వెళితే అర మీటరుకి కాస్త తక్కువ వెడల్పు. మన ఇళ్ళలో పదిమందికి పులిహోర కలిపే బేసిన్ ఉంటుందే, దాదాపు అంత. ఒక్కరు తినే గిన్నె కాదది, నలుగురు చుట్టూ కూర్చునే గిన్నె.

దాన్ని చాలాసేపు చూశాను. లోపలంతా తెలుపు, దంతం రంగు తెలుపు. అంచు వెంట, లోపలి గోడ మీద నల్లటి అక్షరాలు ఒక్క వరుసలో చుట్టూ తిరుగుతాయి. అక్షరాల పాదాలు అంచు వైపు, నిలువు గీతలు లోపలికి, గిన్నె మధ్యకేసి. ఆ నిలువు గీతలు సన్నగా, పొడుగ్గా, ఒకదానికొకటి సమదూరంలో నిలబడి ఉన్నాయి. మధ్యలో ఏ పూలూ లేవు, ఏ పక్షీ లేదు. ఇంత ఖాళీ వదిలే ధైర్యం ఏ కళాకారుడికి ఉంటుందా అనిపించింది. వాక్యం పూర్తిగా చదవాలంటే గిన్నె తిప్పాలి, లేదా మనం చుట్టూ తిరగాలి. గాజుపెట్టె చుట్టూ నేను తిరిగాను, నాకు చదవడం రాకపోయినా.

అందులో ఉన్న మాట ఇది: పని మొదలుపెట్టే ముందే ఆలోచించుకుంటే తర్వాత పశ్చాత్తాపం ఉండదు. చివర్న, సమృద్ధి, శాంతి. అంతే. మా తాతయ్య చెప్పే మాటలా లేదూ? పారిస్‌లోని లూవ్ర్‌లో ఇదే కోవకి చెందిన పళ్ళెం ఇంకొకటి ఉంది, దాని మీద "విద్య మొదట్లో చేదుగా ఉంటుంది, చివరికి తేనెకంటే తీపి" అని, ఆ తర్వాత సొంతదారుకి ఆరోగ్యం కోరుతూ ఒక మాట. "దాతృత్వం స్వర్గవాసుల గుణం" అన్న వాక్యం ఒకటికి మించి గిన్నెల మీద కనిపిస్తుంది. నలుగురికి వడ్డించే గిన్నె మీద ఇచ్చే గుణం గురించి రాశారంటే ఆ రాసినవాళ్ళకి భోజనం అంటే ఏమిటో తెలుసు.

మా అత్తయ్యగారి అనుమానం కూడా ఇక్కడే తీరింది. ఈ గిన్నెల మీద ఎక్కువగా ఉండేవి సామెతలు, నీతులు, ఆశీస్సులు. ఖురాన్ వాక్యాలు మసీదుల గోడల మీద, దీపాల మీద చెక్కేవాళ్ళు, రాసేవాళ్ళు. గిన్నెల్లో ఖురాన్ వాక్యాలు ఉన్నవీ లేకపోలేదు, కానీ అవి వేరు, జబ్బుపడ్డవాళ్ళకి నీళ్ళు తాగించడానికి వాడిన లోహపు గిన్నెలు. అన్నం తినే పింగాణీ మీద "ఇది ఎవరిదో వాళ్ళకి బరకా" అని ఉండటమే మామూలు. ఆ సంగతి చెప్పాక ఆవిడ పళ్ళేలు తనే బయటికి తీశారు. కార్డు మీద ఒక్క వాక్యం అచ్చేసి ఉంటే మేము అన్ని రోజులు ఆగాల్సిన పనే ఉండేది కాదు. ఇలా ఎంతమంది ఇళ్ళలో ఎన్ని పళ్ళేలు అనుమానంతో అలమారలో ఉండిపోయాయో.

"ఇది ఎవరిదో వాళ్ళకి" అన్న ముక్క దగ్గర కాస్త ఆగాలి. ఆ గిన్నెలు ఎక్కువగా బజారులో అమ్మకానికి చేసినవి. కుమ్మరికి కొనేవాడి పేరు తెలియదు. కాబట్టి పేరు రాయకుండా, దీని సొంతదారుకి మంచి జరగాలి అని రాసి కాల్చేశాడు. ఎవరు కొంటే వాళ్ళకి చెందుతుంది ఆ దీవెన. నాకు వెంటనే మన స్టీలు గిన్నెలు గుర్తొచ్చాయి. పెళ్ళికో గృహప్రవేశానికో ఇచ్చే గిన్నెల మీద దుకాణంలోనే పేర్లు కొట్టిస్తాం కదా, చిన్న మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా. ఎవరిచ్చారో, ఏ సందర్భానికో, ఏ తేదీనో. మా అమ్మ ఇంట్లో పప్పు గిన్నె మీద నేను పుట్టకముందు చనిపోయిన ఒక పెద్దమ్మ పేరుంది. ఆవిడ ఎవరో నాకు తెలిసిందే ఆ గిన్నె వల్ల, చిన్నప్పుడు అన్నం తింటూ వేలితో ఆ చుక్కలు తడుముతూ "ఎవరమ్మా ఈవిడ" అని అడిగితే. మనం ఇచ్చినవాళ్ళ పేరు కొట్టిస్తాం, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళకి దీవెన రాశారు. రెండూ తినేటప్పుడు కంటికి కనపడేలా రాసినవే, చదవడానికే రాసినవి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ గిన్నెలు చేసిన నిషాపూర్‌లో, సమర్కండ్‌లో (ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది, పాత ఊరి దిబ్బని ఇప్పుడు అఫ్రాసియాబ్ అంటారు) జనం ఇళ్ళలో మాట్లాడుకున్నది అరబిక్ కాదు. అది సామానీలనే పర్షియన్ రాజవంశం ఏలిన రాజ్యం, పర్షియన్ కవిత్వం అప్పుడే కళ్ళు తెరుస్తున్న కాలం. అయినా గిన్నె మీద అరబిక్కే రాశారు, అది గౌరవమైన భాష, చదువుకున్నవాళ్ళ భాష. ఇది మనకి వింతేమీ కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ పెళ్ళి శుభలేఖ మీద సంస్కృత శ్లోకం వేయించుకునేవాళ్ళం. శ్లోకం అర్థం అందరికీ తెలియకపోవచ్చు, కానీ అక్షరాలు తలకిందులుగా అచ్చయితే ఆ శుభలేఖ ఎవరూ పంచరు.

ఇప్పుడు కొందరు అంటారు, అసలు మ్యూజియం బొమ్మల్ని చూసి పళ్ళేలు చేసి అమ్ముకోవడమే తప్పు, అది వ్యాపారం, నకలు అని. నేను ఆ మాట ఒప్పుకోను. ఎందుకంటే ఈ కళే నకళ్ళతో పెరిగింది. తొమ్మిదో శతాబ్దంలో చైనా నుంచి తెల్లటి పింగాణీ ఓడల్లో పర్షియన్ గల్ఫ్‌కి వచ్చేది. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ ద్వీపం దగ్గర సముద్రంలో ఆ కాలపు ఓడ ఒకటి దొరికింది, అందులో దాదాపు 60,000 చైనా గిన్నెలూ పాత్రలూ ఉన్నాయి. ఒక్క ఓడలో! ఆ తెలుపు చూసి ఇరాక్‌లోని బస్రా కుమ్మరులకి అలాంటివి చేయాలనిపించింది. కానీ చైనాలో దొరికే తెల్లమట్టి వాళ్ళ దగ్గర లేదు, అంత వేడి ఇచ్చే బట్టీలూ లేవు. అప్పుడు వాళ్ళు గ్లేజులో, అంటే కాల్చాక గిన్నె పైన గాజులా నిలిచే పూతలో, తగరం కలిపారు. తగరం కలిపిన గ్లేజు పాలలా తెల్లగా, అడుగున మట్టి రంగు కనపడకుండా కప్పేస్తుంది. ఆకారం చైనాదే, పైన తెలుపు వాళ్ళు కనిపెట్టినది. అక్కడితో ఆగలేదు, ఆ తెలుపు మీద కోబాల్ట్ నీలంతో రాశారు.

మెట్‌లోనే ఆ రకం బస్రా గిన్నె ఒకటుంది. మధ్యలో నీలి రంగులో ఒకటే మాట రెండుసార్లు: గిబ్తా, అంటే సంతోషం. రంగు గ్లేజులోకి ఇంకి అంచులు కాస్త చెదిరి ఉంటాయి, తడి కాగితం మీద సిరా పెన్నుతో రాసినట్టు. చైనా గిన్నెని నకలు చేసినవాడే ఆ గిన్నెలో లేని మాట ఒకటి తన భాషలో చేర్చాడు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత, పద్నాలుగో శతాబ్దంలో, చైనాలో జింగ్‌దెజెన్ అనే ఊరి కుమ్మరులు ఇరాన్ నుంచి వచ్చిన కోబాల్ట్‌తో తెలుపు మీద నీలం వేసి ప్రపంచమంతా అమ్మారు. ఎవరు ఎవరిని నకలు చేశారని చెప్పగలం? మనం వాడే "పింగాణీ" మాటే చూడండి, పర్షియన్‌లో గిన్నెని "పింగాన్" అనేవాళ్ళు, అదే అరబ్బుల నోట్లో "ఫింజాన్" అయి కాఫీ కప్పయింది, మన దగ్గరికొచ్చి పింగాణీ అయింది. చైనా వస్తువుకి పర్షియన్ పేరు పెట్టుకుని మన ఆవకాయ జాడీలకి కూడా అదే మాట వాడుకుంటున్నాం.

కాబట్టి నకలు చేయండి. బాగా చేయండి. నేను అడిగేది ఒక్కటే, చేసేముందు చదవండి. చదవడం రాకపోతే మ్యూజియం పై అంతస్తులోనే చదివేవాళ్ళున్నారు, క్యూరేటర్లు. గ్యాలరీలో గాజుపెట్టె పక్కన అంత చక్కగా అర్థం రాసి పెట్టిన సంస్థకి, కింద దుకాణంలో అదే అర్థం ఒక కార్డు మీద అచ్చేయడం ఎంత పని? పైన అది కళ, కింద అది డిజైన్, మధ్యలో మెట్లు దిగుతుంటే మాట ఎక్కడో పడిపోతోంది.

శ్రద్ధగా నకలు చేసినవాళ్ళు లేకపోలేదు. లస్టర్ అనే మెరుపు పని ఉంది, వెండి, రాగి సమ్మేళనాలు మట్టితో కలిపి, ఒకసారి కాల్చిన గ్లేజు మీద పూసి, మళ్ళీ గాలి తక్కువగా ఉండే పొగబట్టీలో కాలిస్తే లోహపు మెరుపు వస్తుంది. ఇది కూడా ఇరాక్‌లో మొదలై ఈజిప్టుకి, ఇరాన్‌లోని కాషాన్‌కి వెళ్ళింది. కాషాన్ కుమ్మరుల కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో ఈ పనంతా రాసిపెట్టాడు. పలుగురాయి పొడి పది పాళ్ళు, గాజుపొడి ఒక పాలు, తెల్లమట్టి ఒక పాలు కలపాలని, నీలిరాయి, అంటే కోబాల్ట్, దగ్గర్లోని ఖమ్సర్ ఊరి నుంచి వస్తుందని, మెరుపు కోసం మూడు పగళ్ళు మూడు రాత్రులు సన్నటి పొగలో ఉంచాలని. బాగా కుదిరితే ఎర్ర బంగారంలా, సూర్యకాంతిలా మెరుస్తుందంటాడు. తన ఇంటి పని గురించి చెబుతున్నవాడి గర్వం అందులో వినిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో విలియం డి మోర్గాన్ అనే ఆయన ఈ మెరుపు రహస్యం పట్టుకోవాలని సొంత ఇంట్లోనే బట్టీ పెట్టి, ప్రయోగాలు చేస్తూ చేస్తూ ఇంటి పైకప్పు కాల్చుకున్నాడు. లండన్‌లో లైటన్ అనే చిత్రకారుడి ఇంట్లో (లైటన్ హౌస్) అరబ్ హాల్ అనే గది కట్టినప్పుడు, తెచ్చిన పాత డమాస్కస్ పలకల్ని అమర్చి, తక్కువ పడినచోట వాటికి తగ్గ పలకలు చేసి నింపింది ఆయనే. ఆయనా నకలే చేశాడు. కానీ ఆ పని నేర్చుకుని చేశాడు.

నా వాదనకి ఎదురు చెప్పగలిగేది ఒకటుంది, నిజాయితీగా అది కూడా చెప్పాలి. ఆ కాలపు గిన్నెలన్నిటి మీదా రాత చదవగలిగేలా లేదు. కొందరు కుమ్మరులకి చదువు రాదు, ఎవరో రాసిన "బరకా" చూసి గీసి, దాన్ని చూసి ఇంకొకరు గీసి, చివరికి అక్షరం అరిగిపోయి వట్టి గీతలుగా మిగిలిన గిన్నెలు మ్యూజియాల్లో బోలెడు. మరి వాళ్ళు చేస్తే కళ, ఇప్పటివాళ్ళు చేస్తే తప్పా అని మా ఆయన అడిగాడు. నేను చాలా ఆలోచించాను దాని మీద. తేడా ఉందనే నా అభిప్రాయం. ఆ కుమ్మరికి అక్షరం రాకపోయినా అది దీవెన అని తెలుసు, కొనేవాడికీ తెలుసు. గడప మీద పసుపు రాసి బొట్లు పెట్టే అందరికీ మంత్రం రాదు, కానీ ఎందుకు పెడుతున్నామో తెలుసు. మా పళ్ళేల విషయంలో చేసినవాళ్ళు చెప్పలేదు, అమ్మినవాళ్ళు చెప్పలేదు, కొనిచ్చిన మా స్నేహితులకి తెలియదు, తినే మాకూ తెలియదు. దీవెన ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఎవరికీ తెలియకుండా పళ్ళెం అంచున ఉండిపోయింది.

ఇక తినడం సంగతి. ఆ పళ్ళేలు వాడటం మొదలుపెట్టిన మూడు నెలలకే బంగారు గీత చెదిరిపోయింది, డిష్‌వాషర్‌లో. తర్వాత వెతికితే వాళ్ళ సైట్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో చేత్తో కడగాలని ఉంది. కార్డు మీద ఆ ముక్క కూడా లేదు. అక్షరాలు కూడా కొన్నిచోట్ల పాలిపోయాయి. దానికి కారణం ఉంది. ఇలాంటి పళ్ళేల మీద బొమ్మ చాలావరకు కాగితం మీద అచ్చేసిన స్టిక్కర్ లాంటిది, గ్లేజు అయిపోయాక దాని పైన అతికించి 800 డిగ్రీల చుట్టుపక్కల మళ్ళీ కాలుస్తారు. అది పైపైనే ఉంటుంది, చెంచా గీరుకీ డిష్‌వాషర్ పౌడర్‌కీ అరిగిపోతుంది. నిషాపూర్ కుమ్మరి చేసింది దీనికి సరిగ్గా తిరగేసిన పని. ఎర్రమట్టి గిన్నె మీద తెల్లమట్టి పలచగా పూసి, దాని మీద నల్లమట్టి రంగుతో రాసి, అక్షరం అంచు సరిగ్గా రాకపోతే మొనతో గీకి సరిచేసి, అన్నిటి పైనా పారదర్శకమైన గ్లేజు పోసి కాల్చాడు. రాత గ్లేజు కింద ఉంది. అందుకే వెయ్యేళ్ళు మట్టిలో ఉన్నా ఇవాళ చదవగలుగుతున్నాం. (ఆ గీకిన గీతలు కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక మనిషి చెయ్యి ఆగి, చూసుకుని, సరిచేసుకున్న చోటు. నాకు ఆ గిన్నెల్లో అన్నిటికంటే నచ్చేది అదే.)

ఆ మధ్య పళ్ళేలు అమ్మిన మ్యూజియం దుకాణానికే వెళ్ళాను. అక్కడ అదే వరుసలో పెద్ద గిన్నె కూడా పెట్టారు, చాలా అందంగా ఉంది, చేతుల్లోకి తీసుకుంటే బరువు కూడా బాగుంది. తిరగేసి చూస్తే అడుగున "అలంకరణకు మాత్రమే, ఆహారానికి వాడకూడదు" అని స్టిక్కర్. నలుగురి మధ్య పెట్టి వడ్డించడానికి పుట్టిన గిన్నెని, ఇచ్చే గుణం గురించి ఒంటి మీద రాసుకున్న గిన్నెని, గోడకి ఆనించి పెట్టుకోవడానికి అమ్ముతున్నారు. పాతవాటి గ్లేజులో సీసం ఉండేది, అందులో ఇవాళ తినకూడదన్నది నిజమే. సీసం ఉన్న గ్లేజు మీద పులుపు పడితే అది తిండిలోకి దిగుతుంది, మన వంట చూస్తే చింతపండు, నిమ్మకాయ, పెరుగు, ఆవకాయ, అంతా పులుపే. కానీ సీసం లేని గ్లేజులు ఇవాళ ప్రతి మామూలు పింగాణీ దుకాణంలో ఉన్నాయి. గ్లేజు కింద రంగు వేసి కాల్చడం కొత్త విద్యేమీ కాదు. కాస్త ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఇంకో పది డాలర్లు వేసుకుని అమ్మినా నేను ఇస్తాను, నాలాంటివాళ్ళు ఇస్తారు. మ్యూజియం దుకాణంలో కొనేవాడు చవక కోసం రాడు, ఆ గ్యాలరీలో చూసినది కొంచెం ఇంటికి తీసుకెళ్దామని వస్తాడు.

"ఇస్లామిక్ కళ" అన్న ఆ ఒక్క ముక్క గురించి కూడా నాకు అసంతృప్తి ఉంది. స్పెయిన్ నుంచి మన దక్కన్ దాకా, వెయ్యేళ్ళకి పైగా జరిగినదంతా ఆ రెండు మాటల్లో కుక్కేస్తే ఏం తెలుస్తుంది? మెట్ వాళ్ళు 2011లో ఆ గ్యాలరీలు మళ్ళీ తెరిచినప్పుడు పేరులోనే అరబ్ ప్రాంతాలు, టర్కీ, ఇరాన్, మధ్య ఆసియా, దక్షిణాసియా అని దేశాల పేర్లన్నీ పెట్టారు. పేరు పొడుగైంది, కానీ ఎక్కడిదో తెలుస్తుంది. గిఫ్టు పెట్టె మీద "నిషాపూర్, పదో శతాబ్దం" అని రాయడానికి ఎంత చోటు కావాలి? 1221లో మంగోలులు నేలమట్టం చేసిన ఊరది. ఆ ఊరి పేరు ఒక పెట్టె మీద ఉంటే అది నా వంటింట్లో వినపడేది, మా పిల్ల "నిషాపూర్ ఎక్కడమ్మా" అని అడిగేది.

ఇంటికొచ్చి ఆ మ్యూజియానికి ఉత్తరం రాశాను. అరబిక్ మాట తిరగేసి అచ్చయిందని ఫొటోలతో సహా చూపించాను, మా సహోద్యోగిని అనుమతి తీసుకుని ఆవిడ చదివినది కూడా రాశాను. మూడు అడిగాను: మాటని మాటగా ఉంచండి, దాని అర్థమూ ఊరి పేరూ పళ్ళెం అడుగునే కాల్చి రాయండి, తినడానికి పనికొచ్చేలా చేయండి. పళ్ళెం అడుగునే ఎందుకన్నానంటే కార్డు మొదటిరోజే చెత్తబుట్టలోకి పోతుంది, అడుగున ఉన్నది అంట్లు తోమే ప్రతిసారీ కంటపడుతుంది. పది రోజులకి జవాబొచ్చింది, డిజైన్ విభాగానికి పంపించామని, ధన్యవాదాలని. మర్యాదగానే ఉంది. ఇంకా ఎదురుచూస్తున్నాను, మళ్ళీ రాస్తాను కూడా.

ఈలోగా నేనే ఒక పని చేశాను. మా ఊళ్ళో శనివారాలు పింగాణీ క్లాసు జరుగుతుంది, అక్కడ పేరిచ్చాను. రెండు నెలలకి ఒక గిన్నె వచ్చింది, కాస్త ఒరిగింది గానీ అన్నం పెట్టుకోవచ్చు. దాని లోపలి గోడ మీద, గ్లేజు కింద, కైరో ఆవిడ కాగితం మీద రాసిచ్చిన "బరకా" చూసి కుంచెతో రాశాను, ఒకేసారి, సరైన వైపు. క అక్షరం గీత లావైపోతే సూదితో గీకి సరిచేశాను. అడుగున తెలుగులో "వృద్ధి కలగాలి" అని రాశాను. మొన్న ఆదివారం ఆవిడని భోజనానికి పిలిచి అందులోనే పులిహోర పెట్టాను. అత్తయ్యగారు వడ్డిస్తున్నారు. కైరో ఆవిడ తినే ముందు గిన్నె కొంచెం తన వైపుకి తిప్పుకుని, ఈసారి పావుగంట పట్టలేదు, చదివారు.